చివరి ట్రాక్టర్ ఎక్కడికి పోతోంది?

సంపాదకులకు,

అయ్యా,

కిందటి మాఘమాసంలో కర్నూలు పాతబస్తీలోని మా నాన్నగారి మిద్దెను ఖాళీ చేసి పడగొట్టించవలసి వచ్చింది. పనంతా ముగిసిన మర్నాడు ఉదయం అలవాటు ప్రకారం హంద్రీ నది గట్టు మీద నడుస్తూ ఉండగా, నీళ్ళకు నాలుగడుగుల ఎడంగా కొత్తగా పోసిన కుప్ప ఒకటి కంటబడింది. దానిమీద నీలం రంగు సున్నం పెళ్ళలు ఉన్నాయి. మా దేవుడి గదికి అమ్మ ప్రతి ఉగాదికీ పట్టుబట్టి నీలిమందు కలిపించి వేయించిన సున్నం అది. ఒకదానిమీద ఒకటిగా పేరుకుపోయిన ఆ పొరలను నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. పెళ్ళల కింద చిరిగిన ఫోమ్ పరుపు, దాని పక్కన పగిలిన ట్యూబులైట్లు, పాలిథిన్ కవర్లు, మందుసీసాలు, ముల్లు ఊడిన మా గోడగడియారం ఉన్నాయి. ముందురోజు సాయంత్రం పదిహేను వందలు చేతిలో పెట్టి నేను సాగనంపిన చివరి ట్రాక్టర్ ట్రిప్పు అది. ఎక్కడ పోస్తారని నేను అడగలేదు, ట్రాక్టర్ ఆయన చెప్పలేదు. కాబట్టి ఈ ఉత్తరంలో ఎవరిమీదనైనా ఫిర్యాదు ఉంటే అది మొదట నామీదేనని పాఠకులు గ్రహించగలరు.

నేను కాలువ పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన వాణ్ణి. రాయినో ఇటుకనో చూస్తే అది ఇంకెన్నేళ్ళు పనికొస్తుందో మనసులో లెక్కవేయడం ఉద్యోగంతో పాటు పోని అలవాటు. ఆ అలవాటు ఉండి కూడా చివరి ట్రిప్పు విషయంలో చేతులెత్తేశాను. ఎందుకిలా జరిగిందని ఆలోచించగా నాకు తేలినది ఒక్కటే. మన ఊళ్ళో పాత వస్తువుకు గిరాకీ ఎన్నడూ తక్కువ లేదు. అయితే ఇల్లు ఖాళీ చేసే తొందరలో పనికొచ్చేదాన్నీ పనికిరానిదాన్నీ ఒకే ట్రాలీలో కలిపేస్తున్నాం, కలిపిన తర్వాత దాన్ని పాత సామాను కొనే గుజరీ కొట్టువాడూ ముట్టుకోడు, గుంత పూడ్చుకునేవాడూ అడగడు. చివరికి దానికి మిగిలే చోటు వాగు ఒడ్డు.

మా ఇల్లు మూడు కాలాల కట్టుబడి. వెనుక భాగం పాత పద్ధతి మట్టిమిద్దె: రాతి గోడలు, వాటిమీద టేకు దూలాలు, దూలాల మీద దంతెలు (అడ్డకర్రలు), ఆపైన కట్టెలు పరిచి దట్టించిన మట్టి. ముందు రెండు గదులు తర్వాతి కాలంలో గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడలు. వంటగది ఇంకా తర్వాత సిమెంటుతో లేపినది. ఈ మూడూ మూడు రకాలుగా విడిపోవడం వారం రోజులు దగ్గరుండి చూశాను. సున్నం గోడలో ఇటుకను మేస్త్రీ చేతిలోకి తీసుకుని తాపీ పిడితో రెండు దెబ్బలు వేస్తే సున్నం పొడిపొడిగా రాలి ఇటుక నిండుగా మిగిలేది. వంటగది గోడలో మాత్రం ఇటుక విరిగిందే గాని సిమెంటు వదల్లేదు, ఎందుకంటే సిమెంటు ఇటుక కంటే గట్టిగా బిగుసుకుంటుంది. పాతకాలం వాళ్ళు గోడను మళ్ళీ విప్పుకోవచ్చునన్న ఆలోచనతోనే కట్టారో లేదో నాకు తెలియదు గాని, వాళ్ళు కట్టిన గోడ మాత్రం అలా విప్పుకోవడానికి లొంగింది.

నేలమీద పరిచిన నాపరాళ్ళది మరీ ముచ్చటైన పని. బేతంచెర్ల నుంచి ఎద్దులబండ్ల మీద తెప్పించిన రాళ్ళని నాన్న చెబుతుండేవారు. మొదటి రోజు వచ్చిన కుర్రాళ్ళు గోడ మూల నుంచి గడ్డపారతో ఎత్తబోతే వరుసగా నాలుగు రాళ్ళు పగిలాయి. అప్పుడు వాళ్ళతో వచ్చిన పెద్దాయన ముందుకొచ్చి, గది నడిమిన ఉన్న ఒక రాయిని ఏరి, దాన్ని కావాలనే పగలగొట్టి ముక్కలు తీయించాడు. ఆ ఖాళీలోకి గడ్డపారను పడుకోబెట్టి పక్క రాయి అడుగుకు తోసి, కింద చిన్న కట్టె ముక్క పెట్టి మెల్లగా నొక్కితే, గచ్చు విడిచిన చప్పుడు ఒకటి వచ్చి రాయి సాఫీగా లేచింది. అలా నూట నలభై రాళ్ళలో పదమూడు తప్ప అన్నీ నిండుగా వచ్చాయి. కల్లూరు వైపు నుంచి ఒక రైతు వచ్చి తన పశువుల కొట్టానికని వాటిని కొనుక్కుపోయాడు. దూలాలను పాత కలప వ్యాపారి తీసుకున్నాడు. మేకు మిగిలిన దూలం రంపం పళ్ళు విరగ్గొడుతుందని ముందే చెప్పి, మేకులు లాగించిన వాటికి ఒక ధర, లాగించని వాటికి ఒక ధర కట్టాడు. ఒక పూట కూలీ పెట్టి మేకులు లాగించినందుకు నాకు దక్కిన లాభం ఆ కూలీకి మూడింతలు. గడప, వాకిలి, తలుపులు ఎవరికీ అమ్మలేదు, మా తమ్ముడు కట్టుకునే ఇంటికి పోయాయి.

ఇల్లు విప్పి మరోచోట కట్టుకోవడం ఈ జిల్లాకు కొత్త విద్య కాదు. శ్రీశైలం జలాశయం నిండే ముందు ముంపు ఊళ్ళ జనం దూలాలు, వాకిళ్ళు బండ్లకెత్తుకుని గట్టెక్కారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపూరులో తిరిగి నిలబెట్టారు. అంతెందుకు, 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా డేరాలు వేసుకుని, 1956 నవంబరు నాటికి ఆ రాజధానినే సామాను సర్దించి హైదరాబాదుకు పంపిన ఊరు మనది. సర్దడం మనకు బాగానే తెలుసు. సర్దగా మిగిలినదాన్ని ఏంచేయాలన్న దగ్గరే తడబడుతున్నాం.

మా ఇంటికి మొత్తం ముప్పై ఒక్క ట్రిప్పులు పట్టాయి. వాటిలో ఇరవై రెండు మిద్దె మట్టి, రాతి ముక్కలు, సున్నం పొడి. ఇది ఏ మాత్రం కల్తీ లేని సరుకు కనుక, రెండు వీధుల అవతల ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన పునాదిలో నింపుకోవడానికి అడిగి మరీ తీసుకున్నాడు. నల్లరేగడి నేలలో ఇల్లు కట్టేవాడు బేస్‌మెంటు నింపడానికి గరుసు కొని తోలించుకోవలసిందే, దానికి కొండను తవ్వవలసిందే. మా మట్టి ఇరవై రెండు ట్రిప్పుల గరుసును మిగిల్చింది. తర్వాతి ఎనిమిది ట్రిప్పులు వంటగది సిమెంటు పెళ్ళలు. వాటిని ట్రాక్టర్ ఆయన తనకు తెలిసిన ఒక గుంతకు తోలుకున్నాడు. చివరిది ముప్పై ఒకటోది. ఆ రోజు సాయంత్రానికి జాగా చదును చేసి అప్పగించాలి, కూలీలకు లెక్క చూడాలి, చీకటి పడుతోంది. ఇంట్లో మిగిలిన నానా సరంజామానూ ఊడ్చి, మీద నాలుగు గంపల పెళ్ళలు వేసి, ‘తీసుకుపో నాయనా’ అన్నాను. ముప్పై ట్రిప్పుల వివేకం ఆ ఒక్క మాటలో కొట్టుకుపోయింది.

ఇంతకీ ఆ సరంజామాలో ఉన్నవి ఏమిటి? ఇంటిసామాను ఖాళీ చేసిన వాళ్ళందరికీ ఈ జాబితా తెలిసే ఉంటుంది. ఇత్తడి, రాగి, ఇనుము మొదటి రోజే గుజరీ కొట్టుకు పోతాయి, వాటి గురించి బెంగ లేదు. పాత చీరలు, ప్యాంట్లు స్టీలు సామాన్ల గంప ఎత్తుకుని వచ్చే ఆమె తీసుకుని ఒక బేసినో గిన్నెనో ఇస్తుంది. ఆమె బేరం ముందు మనం నిలవలేము గాని, బట్ట వృథా కాదు. వార్తాపత్రికలు, నోటుపుస్తకాలు కిలోల లెక్కన పోతాయి. బూరుగు దూది పరుపులైతే దూదేకే వాళ్ళు వీధిలోకి వచ్చి ఏకి, కొత్త గలీబు వేసి, కొత్తదాని కంటే మెత్తగా చేసి ఇస్తారు. ఆదోని చుట్టుపక్కల అంత పత్తి పండే జిల్లాలో ఉంటూ మనం ఫోమ్ పరుపులకు ఎందుకు మారామో గాని, ఆ ఫోమ్ పరుపును మాత్రం ఎవరూ ఏకలేరు, ఎవరూ కొనరు. నీళ్ళు తగిలితే బరువెక్కుతుంది, కాలిస్తే విషపు పొగ వస్తుంది. పార్టికల్ బోర్డు బీరువాలదీ అదే కథ. టేకు బీరువాను నాలుగిళ్ళు మార్చినా మరలు బిగుస్తాయి. బోర్డు బీరువాను ఒకసారి విప్పితే మర పట్టిన చోటు పొట్టుగా రాలిపోయి రెండో ఇంట్లో తలుపు వాలిపోతుంది. బదిలీల ఉద్యోగాలు చేసేవారు దాన్ని కొనేముందు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

ప్రమాదకరమైనవి వేరే ఉన్నాయి. ట్యూబులైటులో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది, పగిలితే ఆవిరిగా బయటికొస్తుంది. ఇన్వర్టరు బ్యాటరీలో సీసమూ ఆమ్లమూ ఉంటాయి. కొత్త బ్యాటరీ కొన్న కొట్టులోనే పాతదాన్ని ఇస్తే ధర తగ్గించి తీసుకుంటారు, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు దాన్ని తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారు మీదే పెట్టాయి. అయినా తొందరలో గుజరీకి వేస్తే, అది ఏ పెరటిలోనో పగిలి, సీసం కరిగి, ఆమ్లం నేలలో ఇంకుతుంది. పాత ఫ్రిజ్ గొట్టాన్ని రాగి కోసం కోసినప్పుడు బుస్సున పోయేది ఉత్త గాలి కాదు. చాలాకాలంగా ఫ్రిజ్‌లలో వాడిన ఆర్-134ఎ వాయువు బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. కరెంటు వైర్లను కాల్చి రాగి తీసే దృశ్యం ఊరి బయట సాయంత్రం పూట ఎవరైనా చూసి ఉంటారు, ఆ నల్లటి పొగలో డయాక్సిన్లు ఉంటాయి. ఇక పాత సిమెంటు రేకులు. వాటిని పైనుంచి కిందికి విసిరేసి ముక్కలు చేయడం మన దగ్గర మామూలు. అందులోని ఆస్‌బెస్టాస్ నూలుపోగుల కంటే సన్నని ధూళిగా లేచి ఊపిరితిత్తుల్లో చేరి, ఏళ్ళ తర్వాత జబ్బుగా బయటపడుతుంది. రేకును తడిపి, మరలు విప్పి, నిండుగా దించడానికి అదనంగా పట్టేది ఒక గంట.

దేవుడి పటాల గురించి కూడా చెప్పాలి, ఇది నవ్వుతూ దాటవేసే విషయం కాదు. అద్దం పగిలిన పటాన్నీ చెదపట్టిన పటాన్నీ చెత్తలో వేయడానికి ఎవరికీ చేతులు రావు, ఇంట్లో ఉంచడానికీ మనసొప్పదు. కాబట్టి అవి ఏ రావిచెట్టు మొదట్లోనో చేరుతాయి, లేకపోతే కె.సి. (కర్నూలు-కడప) కాలువలో పడతాయి. సుంకేసుల నుంచి బయలుదేరి కడప దాకా పొలాలకు నీళ్ళు మోసే కాలువ తూములకు ఈ అద్దాలు, చట్రాలు అడ్డుపడితే తీసేది కాలువను కనిపెట్టుకుని ఉండే లస్కరు చేతులే. గాజు కోసిన అలాంటి చేతులకు ఉద్యోగంలో ఉండగా నేను గుడ్డ కట్టాను. కాగితాన్ని మాత్రం వేరుచేసి శుభ్రంగా మట్టిలో కలిపి, గాజును గాజుకు, చట్రాన్ని కలపకు పంపితే దేవుడికి అపచారమని నేననుకోను. పెద్ద ఆలయాల ప్రాంగణాల్లో ఇందుకోసం ఒక పెట్టె పెట్టి, నెలకొకసారి పూజారి చేతనే వేరుచేయిస్తే, జనం మొహమాటం లేకుండా తెచ్చి ఇస్తారు.

అద్దె ఇళ్ళు మారేవారి సంగతి కొంచెం వేరు. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు, మూఢంలోనూ మారరు. మంచిరోజు రాగానే వీధికి నాలుగు ట్రాలీ ఆటోలు నిలబడతాయి. ఒకేరోజు అందరూ మారడం వల్ల బాడుగ పెరుగుతుంది, హమాలీలు ఇంకో ఇంటికి పరుగెత్తాలని తొందరపెడతారు, పాలు పొంగించే వేళ దాటకూడదని మనమూ తొందరపడతాం. ఆ తొందరలో సర్దడానికి తెచ్చే బుడగల కవర్లు, థర్మకోల్, చుట్టలు చుట్టలుగా ప్లాస్టిక్ పొర సాయంత్రానికి కొత్త ఇంటి వాకిట్లో చెత్తకుప్పగా పడుంటాయి. ఈమధ్య మా అమ్మాయి వెంకటరమణ కాలనీ వైపు ఇల్లు మారినప్పుడు వీటిలో ఒక్కటీ కొనలేదు. పత్తికొండ మార్కెట్‌కు టమాటాలు తోలే ఒక పరిచయస్తుడి దగ్గర నలభై క్రేట్లు రెండు రోజులకు అద్దెకు తెచ్చాం. గిన్నెలు, పుస్తకాలు, దేవుడి సామాను అన్నీ వాటిలోనే, మధ్యలో పాత చీరలూ దుప్పట్లూ. క్రేటు మీద క్రేటు పేర్చితే కదలవు, పట్టుకోవడానికి పిడులుంటాయి, వానొస్తే అట్టపెట్టెలా నానిపోవు. మర్నాడు కడిగి తిరిగిచ్చేశాం. పింగాణీ కప్పు ఒకటి మాత్రం పగిలింది, అదీ నేను జారవిడిచినందువల్ల. సామాను తరలింపు వ్యాపారం చేసేవారు ఇలాంటి క్రేట్లను ఒక వంద కొని ఉంచుకుంటే, ఏటా ప్లాస్టిక్ పొరకు పెట్టే ఖర్చులోనే వాటి ధర తిరిగొస్తుందని నా లెక్క.

ఇంటి యజమానులకు ఒక విన్నపం. ఖాళీ చేసేవారికి నెలాఖరు రోజు సాయంత్రం తాళం ఇవ్వమని కాకుండా ఇంకో రెండు రోజులు గడువిస్తే, వదిలేసి పోయే మంచం, కూలరు, కుండీలు ఎవరో ఒకరి ఇంటికి చేరుతాయి. గడువు ఇవ్వకుండా గోడకానించి పెట్టిన ఆ సామాను తీయించడానికి చివరికి ట్రాక్టర్ డబ్బు కట్టేది యజమానే.

కలిపేయడం వల్ల ఏమవుతుందో ఈ ఊరు ఒకసారి పూర్తిగా చూసింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీదికి వచ్చినప్పుడు మా ఇంట్లో నీళ్ళు కిటికీ ఎత్తుకు నిలిచాయి. నీళ్ళు తీసిన తర్వాత వీధి వీధంతా పరుపులు, బీరువాలు, పుస్తకాలు, బియ్యం మూటలు, ఫ్రిజ్‌లు, వాటన్నిటి మీద మోకాలి లోతు బురద. విడివిడిగా ఉంటే అందులో సగం కడిగి ఎండబెట్టి వాడుకోదగినవే. బురదలో ఒక్కటైపోయాక పారతో ఎత్తి లారీలో వేయడం తప్ప దారి లేకపోయింది. మా నాన్న పట్టుబట్టి ఒక్క టేకు మంచాన్ని మాత్రం బయటికి లాగించి మూడు బిందెల నీళ్ళతో కడిగించారు, దానిమీదే ఇప్పటికీ పడుకుంటున్నాను. అలాంటి వరద చూసిన ఊళ్ళో హంద్రీ ఒడ్డున పెళ్ళలు పోయడం ఎంత తెలివితక్కువ పనో వేరే చెప్పాలా? పోసిన ప్రతి ట్రాలీ నీటిదారిని ఒక మూర ఇరుకు చేస్తుంది. సిమెంటు పెళ్ళ కొట్టుకుపోదు, అది అక్కడే గట్టుగా మారి, దానిమీద ఇంకో ట్రాలీ పోయడానికి వీలు కల్పిస్తుంది.

చట్టం లేకపోలేదు. కట్టడాల కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నియమాలు 2016 మార్చిలోనే వచ్చాయి. రోజుకు 20 టన్నులు లేదా ఒక పనికి నెలకు 300 టన్నులు దాటి వ్యర్థం వచ్చేవారు కాంక్రీటు, మట్టి, ఇనుము-కలప-ప్లాస్టిక్, ఇటుక-సున్నం అని నాలుగు రకాలుగా వేరుచేయాలని, ముందుగా స్థానిక సంస్థకు ప్రణాళిక చూపాలని అవి చెప్పాయి. ట్రాక్టర్ ట్రాలీకి సుమారు మూడు టన్నులు అనుకుంటే, ఏడు రోజుల్లో ముప్పై ఒక్క ట్రిప్పులు తోలిన మా ఇల్లు రోజుకు పద్నాలుగు టన్నులు కూడా దాటలేదు, మొత్తం కలిపినా వంద టన్నులు కాలేదు. అంటే పాతబస్తీలో పడగొట్టే ఇళ్ళలో దాదాపు ఏదీ ఆ పెద్ద గీత దాటదు. వాటి స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా 2025లో ప్రకటించిన కొత్త నియమాలు కూడా, వ్యర్థాన్ని మళ్ళీ వాడకంలోకి తెచ్చే బాధ్యతను 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన కట్టడాల మీదే పెట్టాయి. మహానగరాలకు ఆ కొలతలు సరిపోవచ్చు. మనలాంటి ఊళ్ళో చెత్తంతా చిన్న ఇళ్ళ నుంచే, పది పదిహేను ట్రిప్పుల చొప్పున వస్తుంది. చిన్నవాళ్ళు కూడా ఎక్కడపడితే అక్కడ పోయకుండా సేకరణ కేంద్రంలో అప్పగించాలని 2016 నియమాలే అన్నాయి. అయితే ఆ కేంద్రం ఎక్కడుందో ట్రాక్టర్ నడిపేవాడికి నోటిమాటగా తెలిసి ఉండాలి, అది తన దారిలో ఉండాలి. డీజిలు ఖర్చు పెట్టుకుని ఊరవతలికి పోయే ట్రాక్టరు కంటే పక్కనున్న వాగుకు పోయే ట్రాక్టరుకు ఎక్కువ మిగులుతుంది, ఇంత చిన్న లెక్కను ఏ నియమమూ మార్చలేదు.

కాబట్టి నగరపాలక సంస్థను కోరేది పెద్ద యంత్రాగారం కాదు. హైదరాబాదు జీడిమెట్లలో 2020లో పెట్టినట్టు రోజుకు 500 టన్నులు నమిలే యంత్రం మనకు అవసరం లేదు, అంత మేత వేయడానికి మన దగ్గర లేదు. హంద్రీకి ఇటు పాతబస్తీ వైపు ఒకటి, అటు కల్లూరు వైపు ఒకటి, కంచె వేసిన రెండు జాగాలు చాలు. ఒక్కోదానిలో మట్టికి ఒక గడి, పెళ్ళలకు ఒక గడి, కలపకు ఒక గడి, పరుపులు-బోర్డుల్లాంటి ఎవరూ కొననివాటికి ఒక గడి, తాళం వేసిన చిన్న గదిలో ట్యూబులైట్లు, బ్యాటరీలు, టీవీలు. మట్టి కావలసిన ఇంటివాళ్ళు అక్కడి నుంచే ఉచితంగా తోలుకోవచ్చు. జాగా దగ్గర కూర్చున్న మనిషి ప్రతి ట్రిప్పుకూ ముద్రవేసిన చీటీ ఒకటి ఇవ్వాలి. ఇంటివాడు ట్రాక్టర్ బాడుగలో మూడోవంతు ఆ చీటీ చూపించాకే ఇవ్వాలి. జరిమానాల కంటే ఈ చీటీ మీదే నాకు నమ్మకం ఎక్కువ; కాలువ పనుల్లో గరుసు ట్రిప్పులను ముప్పై ఏళ్ళు చీటీల మీదే లెక్కపెట్టాం, దొంగ ట్రిప్పులు పడలేదని అనను గాని, చీటీ లేని రోజుల కంటే చాలా తక్కువ పడ్డాయి.

పోగైన పెళ్ళలను ఏంచేయాలన్నదానికీ జవాబు ఉంది. భారత ప్రమాణాల సంస్థ 2016లో సవరించిన ఐఎస్ 383 అనే కంకర ప్రమాణం ప్రకారం, కాంక్రీటు పెళ్ళలను దంచి తీసిన కంకరను మామూలు కాంక్రీటులో 25 శాతం వరకు, ఇనుప కమ్మీలు వేసే కాంక్రీటులో ఎం-25 అనే గట్టిదనపు శ్రేణి దాకా 20 శాతం వరకు వాడవచ్చు. అడుగున పోసే పలుచని కాంక్రీటులో మొత్తం అదే వాడినా తప్పులేదు. ప్రభుత్వ, పురపాలక కాంట్రాక్టుల్లో 10 నుంచి 20 శాతం ఇలాంటి సరుకు తప్పనిసరి చేయాలని 2016 నియమాలే అన్నాయి. కాంట్రాక్టరు టెండరు కాగితంలో ఆ ఒక్క వరుస చేరిస్తే, చిన్న క్రషరు ఒకటి నెలకు వారం రోజులు ఆ జాగాల్లో నడిచినా ఊరి కాలిబాటల అడుగు కాంక్రీటుకు సరిపోతుంది. అయితే ఆ పెళ్ళల్లో పరుపు దూది, పాలిథిన్, మట్టి కలిసి ఉంటే క్రషరు వాడు వెనక్కి తిప్పి పంపుతాడు. మళ్ళీ మొదటికే వస్తాం.

ఈ పని అంతటిలో చేతులు పెట్టేది హమాలీలు, కూల్చే కూలీలు, కుప్పల్లో ఏరుకునే వాళ్ళు. మా చివరి ట్రిప్పు కుప్పను నేను చూసిన ఉదయానికే ఒకామె సంచి పట్టుకుని దాన్ని కెలుకుతోంది, పగిలిన ట్యూబుల మీద ఒట్టి కాళ్ళతో నిలబడి. ఆమెకు నేను చెప్పింది ‘జాగ్రత్తమ్మా, గాజుంది’ అని మాత్రమే. ఆ గాజు నాదేనని చెప్పలేదు. కేంద్రాలు పెడితే ఇలాంటి వాళ్ళకు గుర్తింపు కార్డులిచ్చి, వేరుచేసే పనిని వాళ్ళకే కూలీకిచ్చి, బూట్లు, చేతితొడుగులు సమకూర్చవలసిందిగా కోరుతున్నాను. ఏది అమ్ముడుపోతుందో, ఏది పోదో వాళ్ళకు తెలిసినంతగా ఇంజనీర్లకూ తెలియదు, నాలాంటి రిటైరైన ఇన్‌స్పెక్టర్లకూ తెలియదు.

రాష్ట్రమంతటా ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛత కోసం కేటాయించి 2025 జనవరి నుంచి కార్యక్రమాలు చేస్తున్నారు. ఆ శనివారాల్లో ఒక్కోసారి ఒక్కో వార్డుకు ట్రాలీ ఆటో పంపి, పాత పరుపులు, బోర్డు సామాను, ట్యూబులు, బ్యాటరీలు మాత్రమే తీసుకుంటామని మైకులో చెప్పిస్తే, ఇల్లు మారేవారి ఇంట్లో ఆ చివరి ట్రిప్పుకు మిగిలేది సగానికి తగ్గుతుంది. జాగాలు వెతకడానికి సమయం పడుతుందంటే ముందుగా దీనితోనైనా మొదలుపెట్టవచ్చు.

ఆషాఢం వెళ్ళి శ్రావణం రాగానే ముహూర్తాలు మొదలవుతాయి, ట్రాక్టర్లూ మొదలవుతాయి. ఆలోగా కనీసం ఒక్క జాగానైనా నిర్ణయించి, దాని గుర్తులు ట్రాక్టర్ స్టాండ్లలో రాయించవలసిందిగా సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. హంద్రీ ఒడ్డున ఉన్న మా కుప్పను ఈ వారంలో నా ఖర్చుతో ఎత్తించడానికి ఒప్పందం చేసుకున్నాను. ఎత్తినదాన్ని ఎక్కడ పోయమంటారని ట్రాక్టర్ ఆయన ఈసారి ముందే అడిగాడు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టరు,
పాతబస్తీ, కర్నూలు.